కొండ మునిగే దూరం

మా అయ్యకి కిలోమీటర్లు తెలీవు.
తెప్ప మీంచి వెనక్కి చూసి లెక్క కట్టేవాడు:
కైలాసగిరి నడుం దాకా మునిగితే ఒక దూరం,
యారాడ కొండ ముక్కొక్కటే తేలుతుంటే ఇంకో దూరం,
ఏ కొండా కనబడకపోతే
"ఇక్కణ్ణించి గంగమ్మ లెక్క" అని
చుట్ట ఆర్పేసేవాడు.

అప్ప కూతురు భూలక్ష్మి ఫోన్లో చూసి చెప్పింది:
"వైజాగు నుంచి పోర్ట్ బ్లెయిరు పన్నెండొందల కిలోమీటర్లు సిన్నమ్మా,
ఇమానం రెండు గంటలే.
అమ్మకి కంటి ఆపరేషను, పదిరోజులు పొయ్యికాడికి ఎల్లకూడదంట.
టిక్కెట్టు తీసేసినాను, వచ్చీ."

రెండు గంటలు.
పెదజాలరిపేటలో నెత్తళ్ళు ఎండేసి
కాకులకి కాపలా కూర్చుంటే
ఒక వైపు తిరగేసేపు.

అప్పని అత్తారింటికి దింపడానికి ఓడెక్కినప్పుడు
నాకు తొమ్మిదేళ్ళు.
మూడు రాత్రులు.
రెండో రాత్రి దాని పెళ్ళి చీర మీదే కక్కేశాను.
తిట్టలేదు.
కుళాయి కింద కొంగు పిండుకొచ్చి
ఆ తడి కొంగే నా నుదుటి మీద వేసింది.
జంగ్లీఘాట్ వచ్చేసరికి
ఏడుపు ఇద్దరికీ అయిపోయింది, ఓడలోనే.

తరవాత మా అయ్య పోయాడు.
ఆ వారం ఓడ లేదు.
పదకొండోరోజుకి దిగింది అప్ప,
పిండాలు పెట్టిన చేతులు ఇంకా ఆరకముందే
పడవలో వాటా ఎంతొస్తాదని అడిగింది.
అంతే.
పదకొండేళ్ళు.

పొద్దున్నే ఆటో ఎక్కాను.
కంచరపాలెం దగ్గర లారీ అడ్డం తిరిగింది,
ఎన్‌ఏడీ దగ్గర వంతెన కింద ఇంకాసేపు.
ఊరు దాటడానికే గంటంపావు.
నెత్తళ్ళ సంచికి ఏడు కవర్లు చుట్టినా
కౌంటరు కాడ అమ్మాయి ముక్కు ముడిచి తూకం వేసింది:
పదకొండు కేజీల మూడొందలు.
నేను మోసుకెళ్తున్న మిగతాదానికి
ఆ కాటా మీద ముల్లు కదల్లేదు.

కిటికీ సీటు.
లేచీ లేవకముందే యారాడ కొండ కిందికొచ్చేసింది.
మునగలేదు.
పైనుంచి చూస్తే కొండలు మునగవు,
చిన్నవైపోతాయి,
ఎవరో పారేసిన గవ్వలాగా.
ఈ దూరానికి
మా అయ్య లెక్కలో పేరు లేదు.

అప్పతో అనాల్సినవి ఏడు మాటలు
రాత్రే వరస పెట్టుకున్నాను.
మొదటిది పడవ సంగతి.
రెండోది, అయ్య ఆఖర్న నీ పేరే పిలిచాడన్నది,
అది చెప్పాలా, దాచాలా అని
తిప్పి తిప్పి చూసుకుంటున్నాను.
పక్కాయన టీ తాగడం కూడా అవలేదు,
చెవులు దిబ్బళ్ళు పడ్డాయి,
బెల్టు పెట్టుకోమన్నారు.
కింద పచ్చటి దీవులు.

ఇదేం ప్రయాణం?
కక్కుకోవడానికైనా టైమివ్వలేదు.

బయట నల్ల కళ్ళద్దాలతో అప్ప,
భూలక్ష్మి భుజం పట్టుకుని.
జుట్టంతా నెరిసిపోయింది, నాకెవరూ చెప్పలేదు.
నేనింకా పలకలేదు.
గాలి పీల్చి అది సంచి వైపు తిరిగింది:
"ఒలే, ఈసారీ ఉప్పెక్కువేసీసినావే."

"నువ్వు తినీదానివైతే కదా" అన్నాను.
ఏడు మాటల్లో అది లేదు.

ఆటోలో దాని మోకాలు నా మోకాలికి తగులుతోంది.
ఇద్దరం జరగలేదు.
ఒళ్ళు మాత్రం వచ్చింది రెండు గంటల్లో.
మనసు ఓడెక్కినట్టుంది,
ఇప్పటికి ఇంకా ముక్కొక్కటే తేలే చోట ఉండుంటుంది,
వెనక్కి తిరిగి కొండని చూసుకుంటూ.
ఎల్లుండి రాత్రికి దిగుతుందేమో.

అందాకా
బియ్యం ఏ డబ్బాలో ఉన్నాయో
అడగాలి.